నేరేడు నది, తొడిమకు కట్టిన గొర్రెపిల్ల

నేరేడు పండ్ల కాలంలో చెట్టు కింద నడిస్తే అరికాళ్లు ఊదారంగుకు తిరుగుతాయి. పండు రాలి, చిట్లి, రసం కారి, కాసేపటికే చీమలు పడతాయి. విష్ణుపురాణంలోని జంబూవృక్షాన్ని ఊహించినవారికి ఈ నేల బాగా తెలుసు. గంధమాదన పర్వతం మీద 1,100 యోజనాల చెట్టు, ఏనుగులంతేసి పండ్లు. అవి రాలి చిట్లితే పారిన రసమే జంబూనది. తాగినవారికి చెమట లేదు, ముసలితనం లేదు. రసంలో తడిసి గాలికి ఆరిన ఒడ్డు మన్ను బంగారం. సంకల్పంలో మనం చెప్పుకునే జంబూద్వీపానికి పేరిచ్చింది ఈ చెట్టే.

యూరప్ ఊహించుకున్న, మొక్కకు కాసే తాతారు గొర్రెపిల్ల పుట్టుక వేరు. 14వ శతాబ్దపు మాండవిల్ యాత్రాగ్రంథంలో కాయ కోస్తే లోపల రక్తమాంసాలున్న పిల్ల ఉంటుంది. తర్వాతి కథల్లో మొక్క తొడిమే దాని బొడ్డుతాడు. అది అందినంత మేర గడ్డి మేస్తుంది. గడ్డి అయిపోతే చచ్చిపోతుంది. ఈ కథకు మూలం పత్తి అని 1887లో హెన్రీ లీ అనే రచయిత వాదించాడు. భారతదేశంలో చెట్లకు ఉన్ని కాస్తుందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే రాశాడు. పత్తిచేను ఎరగనివారికి చెట్టున ఉన్ని అంటే చెట్టున గొర్రె అనే తోచి ఉంటుంది.

కళ్లారా చూసిన చెట్టును పెంచిన కల్పన ఒకటి, చెవిన పడ్డ మాటకు ఒళ్లు తొడిగిన కల్పన ఇంకొకటి. పరిశీలనలో మనదే పైచేయి. నేరేడు కొలత మారిందే గాని రాలడం, చిట్లడం, కారడం మారలేదు. అందుకే ఆ నది నమ్మబుద్ధవుతుంది. కానీ ఒకచోట పురాణం చెట్టును వదిలేసింది. ఆ పండ్లలో గింజ దాదాపు లేనంత చిన్నదని భాగవత పంచమ స్కంధం అంటుంది. అసలు నేరేడులో గింజ పెద్దది. రసం నదిగా పారాలని గింజను చిన్నది చేస్తే, చెట్టు తన కోసం దాచుకున్నదీ పోయింది. మిగిలింది మనకిచ్చే చెట్టు, తనకేమీ అక్కర్లేని చెట్టు.

గొర్రెపిల్లకు ఆకలి ఉంది, ఆ ఆకలికి తొడిమంత హద్దు ఉంది. వేరు అందినంత మేరే బతుకు అన్నది ప్రతి మొక్కకూ వర్తించే సత్యం. పత్తిని చూడనివారే ఆ సత్యాన్ని పట్టుకోగలిగారు. అందం జంబూవృక్షానిదే, మొక్క బతుకు మాత్రం గొర్రెపిల్లలోనే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఉప్పద్దుకుని నేరేడు తిని గింజ ఉమ్మేస్తాం. చెట్టు మనకు పండిచ్చింది ఆ ఉమ్మేయడం కోసమే.