చూపు ఉందో లేదో చెప్పే చేతులు

చూపు తగ్గిందని కుక్క చెప్పుకోలేదు. వాసనతో, అలవాటుతో ఇల్లంతా తిరిగేస్తుంది. కుర్చీ జరిపిన రోజున దానికి గుద్దుకుంటేనో, చీకట్లో మెట్లు దిగడానికి జంకితేనో మనకు అనుమానం వస్తుంది. అక్కడినుంచి పశువైద్యుల పనితనం చూడాలి.

కుక్క ముందు చిన్న దూది ఉండను జారవిడుస్తారు. దూది చప్పుడు చేయదు, వాసన పెద్దగా ఉండదు. చూపున్న కన్నే దాని వెంట కదులుతుంది. తర్వాత ఒక కన్ను మూసి, రెండో కంటి వైపు అరచేతిని చటుక్కున తెస్తారు. గాలి తగలకూడదు, మీసాలకు ఆనకూడదు. తగిలితే చూపులేని కన్నూ రెప్ప వేస్తుంది. ఆ కొద్దిపాటి ఎడం పాటించడంలోనే ఉంది నేర్పంతా. చేతిని చూసి రెప్ప వేసే ఈ స్పందన పిల్ల కుక్కలకు పుట్టుకతో రాదు, మూడు నెలలకు గానీ కుదురుకోదు. అందుకే తొందరపడి గుడ్డిదని తేల్చరు.

ముసలి కుక్క కంట్లో నీలిఛాయ కనిపిస్తే శుక్లమని కంగారుపడతాం. చాలాసార్లు అది వయసుతో కటకం గట్టిపడటమే. చూపు దాదాపు నిలిచే ఉంటుంది. ఆ తేడా పట్టి అనవసర ఆపరేషన్ తప్పిస్తారు. కన్ను ఎర్రబడి, మసకబారితే మాత్రం నీటికాసులు కావచ్చు, ఆ రోజే చూపించాలి.

నోరులేని జీవి బాధను ఇంత ఓర్పుగా కనిపెట్టే ఈ విద్యకు మనస్ఫూర్తిగా నమస్కారం.