రాతిలోంచి తీసిన మైనం, మెలిక తిప్పిన కొవ్వొత్తి

ఉడుమలైపేటలో కరెంటు పోయినప్పుడు కొట్లోంచి తెచ్చుకునే కొవ్వొత్తికి అందం ఎవరూ చూడరు, వెలిగితే చాలు. ఆ తెల్ల మైనంతోనే పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ పనివాళ్లు మెలికల కొవ్వొత్తులు, గాడుల కొవ్వొత్తులు, రంగుల కొవ్వొత్తులు పోశారు. వాళ్ల మైనం వచ్చింది తేనెపట్టులోంచి కాదు, షేల్ అనే పొరల రాతిలోంచి.

ఈ పనికి ఆద్యుడు స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త జేమ్స్ యంగ్. ఇంగ్లండ్‌లోని డర్బీషైర్ గనిలో ఊరిన నూనెలో పారాఫిన్ అనే మైనం ఉందని మరో రసాయన శాస్త్రవేత్త లయన్ ప్లేఫేర్ పసిగట్టి, రెండు కొవ్వొత్తులకు సరిపడా మైనం తీసిపెట్టమని యంగ్‌ను అడిగాడు. ఆ కొవ్వొత్తులను ప్లేఫేర్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసం ఇస్తూ తన బల్ల మీద వెలిగించాడు. యంగ్ 1850లో పేటెంటు పొంది, ముందు స్కాట్లండ్‌లోని బాత్‌గేట్‌లో అక్కడి బొగ్గుతో, తర్వాత అడీవెల్‌లో షేల్‌తో పని సాగించాడు. 1913లో ఆ ప్రాంతంలో తవ్విన షేల్ 30 లక్షల టన్నులు దాటింది.

అసలు పనితనం మైనాన్ని శుభ్రం చేయడంలో ఉంది. మూసిన బట్టీలో రాతిని వేడిచేసి తీసిన నూనెను బాగా చల్లబరిస్తే మైనం పొలుసులుగా పేరుకుంటుంది. దాన్ని గట్టిగా పిండినా జిడ్డు వదలదు. అందుకని వెచ్చటి గదిలో పళ్లేల్లో ఉంచి వేడి కొద్దికొద్దిగా పెంచుతారు. మిగిలిన నూనె, తొందరగా కరిగే మెత్తటి మైనం చెమటలా కారిపోతాయి. గట్టి మైనం నిలుస్తుంది. వేడి ఒక్కసారిగా పెంచితే మంచి మైనమూ వాటి వెంటే పోతుంది.

పోతపోయడానికీ అంతే ఓపిక కావాలి. ముందుగా వెచ్చచేసిన అచ్చులో వేడి మైనం పోసి, వెంటనే చుట్టూ చన్నీళ్లు పారిస్తారు. నెమ్మదిగా చల్లారితే మైనం పలుకులు కట్టి మసకబారుతుంది. చురుగ్గా చల్లారితే పాలరాతి నిగారింపు వస్తుంది. చల్లారిన మైనం కుంచించుకుపోయి అచ్చును తనే వదులుతుంది. మెలిక కొవ్వొత్తిని మాత్రం తిన్నగా లాగితే అంచులు చితికిపోతాయి. మరమేకును విప్పినట్టు తిప్పుతూ తీయాలి.

ఒట్టి పారాఫిన్ ఎండకు వంగిపోతుంది. మన కోయంబత్తూరు వైపు వేసవిని తట్టుకోవాలంటే కొవ్వులోంచి తీసే గట్టి పదార్థం స్టియరిన్ కలపక తప్పదు. రంగుకూ అదే దారి: అనిలిన్ రంగులు పారాఫిన్‌లో సరిగ్గా కరగవు, ముందు స్టియరిన్‌లో కరిగించి కలపాలి. ఒత్తి కూడా ఆలోచించి చేసిందే. జడలా అల్లిన ఒత్తి కాలుతూ పక్కకు వంగి, మంట అంచున బూడిదైపోతుంది. కత్తిరించే పని ఉండదు.

మెలిక, గాడి, రంగు చివర్లో అద్దినట్టు కనిపించినా, అవి నిలిచేది అంతకుముందు జరిగిన శుద్ధి మీదే. ఈసారి రంగుల కొవ్వొత్తి కొనేటప్పుడు దాని మీద వేలు రాసి చూడండి. జిడ్డు అంటితే, ఎన్ని మెలికలు తిప్పినా పని సగంలో ఆగినట్టే.