మునిగిన ఊళ్లు, మిగిలిన జ్ఞాపకాలు: స్థానిక చరిత్ర రచనపై ఒక పరిశీలన

తెలుగులో ఊరి చరిత్రలు, వంశచరిత్రలు, బాల్యస్మృతులు విరివిగా వెలువడుతున్నాయి. ప్రధాన చరిత్ర గ్రంథాలలో చోటు దక్కని గ్రామాలకు వీటి ద్వారా అక్షరరూపం లభిస్తున్నది. ఇది ఆహ్వానించదగిన పరిణామం. అయితే ఊరిమీది బెంగ పలుచోట్ల చరిత్ర స్థానాన్ని ఆక్రమిస్తున్నది. జలాశయాలలో మునిగిన ఊళ్ల విషయంలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది.

ఊరి చరిత్రకు తెలుగులో పూర్వరూపం కైఫీయత్తు. కాలిన్ మెకంజీ (మ. 1821) కావలి సోదరుల వంటి సహాయకుల ద్వారా సేకరింపజేసిన ఈ వృత్తాంతాలలో గుడి, చెరువు, మాన్యం, పాలకుల పరంపర నమోదయ్యాయి. వాటిలో బెంగ లేదు. మాన్యం లేనివారి గొంతు కూడా దాదాపుగా లేదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) రాజుల వరుస నుండి దృష్టి మళ్లించి ఆహారం, వేషభాషలు, వినోదాలు, ఆచారాలను చరిత్రకు వస్తువులుగా చేసింది. మొదటిదాని నుండి వివరాల నమోదును, రెండవదాని నుండి జనజీవన దృష్టిని నేటి ఊరి చరిత్రలు స్వీకరించవలసి ఉంది.

నాగార్జునసాగర్ నీరు చేరకముందే నాగార్జునకొండ లోయలో 1954-60 మధ్య విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల కాలపు కట్టడాలు కొన్నింటిని ఎత్తైన చోట్ల పునర్నిర్మించారు. శ్రీశైలం జలాశయం కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. గుడిని రాయి రాయిగా విప్పి మరొకచోట నిలపవచ్చు. ఊరి అమరికను అలా నిలపడం సాధ్యం కాదు. ఏ వాడ ఎటువైపు, ఏ పొలం ఎవరి సాగులో, ఏ బావి దగ్గర ఎవరికి ప్రవేశం లేదు అన్న విషయాలు మనుషుల సాక్ష్యంలోనే మిగులుతాయి.

రచ్చబండను, తిరునాళ్లను, మామిడితోటను మాత్రమే తలచుకునే కథనంలో ఊరు ఒకే కుటుంబంగా కనిపిస్తుంది. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రధానంగా ఆస్తి హక్కుకు విలువ కట్టింది. భూమిలేని కూలీ కోల్పోయిన జీవనోపాధి దాని లెక్కలోకి రాలేదు. 2013 చట్టం జీవనోపాధి కోల్పోయిన కుటుంబాలను కూడా బాధితులుగా గుర్తించింది. తోట ఉన్నవారి దుఃఖాన్నే ఊరి దుఃఖంగా చెప్పే రచన ఇంకా పాత చట్టం నిర్వచనంలోనే ఉన్నట్లు లెక్క.

అంతమాత్రాన జ్ఞాపకాన్ని తోసిపుచ్చరాదు. పట్టా లేనివారికి జ్ఞాపకమే దస్తావేజు. ఒక వాడ జ్ఞాపకాన్ని మరొక వాడ జ్ఞాపకంతో, రెండింటినీ రెవెన్యూ దాఖలాలతో సరిచూసినప్పుడు అది చరిత్రకు ఆధారమవుతుంది. స్త్రీల సాక్ష్యం, వలసపోయినవారి సాక్ష్యం, ఊరు విడిచినందుకు ఊరట పొందినవారి సాక్ష్యం కూడా అందులో చేరాలి.

ఈ చర్చ గడచిన కాలానికే పరిమితం కాదు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, తొలిదశ మట్టం 41.15 మీటర్లు. ఈ రెండు మట్టాల నడుమ, గోదావరి, శబరి తీరాలలో, కోయ, కొండరెడ్డి గ్రామాలున్నాయి. వాటి పొలాల పేర్లు, చెట్ల పేర్లు, దేవతల తావులు ఆ తావులలోనే నిలబడి చెప్పేవారి నోట నమోదు చేయడానికి ఇంకా వ్యవధి ఉంది. స్థానిక చరిత్ర పరిశోధన ఊరు మునిగేదాకా వేచి ఉంటే, దానికి దక్కేది మళ్లీ బెంగ మాత్రమే.