మస్కట్ కౌలునామా, మా ఊరి కౌలు

మా చోడవరంలో కౌలు అనే మాటకి ఎవరూ నిఘంటువు తియ్యరు. (జిల్లా ఇప్పుడు అనకాపల్లి అయింది గానీ, నోటికింకా విశాఖ జిల్లా అనే వస్తుంది.) చెరకు వేసేది ఒకడు, భూమి ఇంకొకడిది. చాలాసార్లు కాగితం ఉండదు, నోటిమాటే. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి సాగు హక్కు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి చేజారుతుందేమోనని యజమానికి భయం. సంతకాన్ని చూసి భయపడ్డం తెలివితక్కువతనం కాదని నేను మా చిన్నాన్నల దగ్గర నేర్చుకున్నాను. సంతకం ఎవరు అడుగుతున్నారు, ఎవరు పెడుతున్నారు అన్నదే వాళ్ళు ముందు చూస్తారు.

ఈ చూపుతోనే నేను గల్ఫ్ చరిత్ర చదవడం మొదలెట్టాను. దానికి కారణం ఒకే ఒక్క మాట. బ్రిటిష్ ఇండియా విదేశాంగ శాఖలో పనిచేసిన ఐచిసన్ 1860ల్లో కూర్చడం మొదలెట్టిన ఒప్పందాల సంపుటాలు ఇప్పుడు ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. హైదరాబాద్, మైసూరు, మరాఠా సంస్థానాలతో పాటు ఏడెన్, మస్కట్, బహ్రెయిన్ కూడా అందులోనే ఉన్నాయి. 1798 అక్టోబరు 12న మస్కట్ పాలకుడు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన పత్రం పేరు కౌలునామా. అరబ్బీలో ఖౌల్ అంటే మాట. నామా అంటే పత్రం, అది పారశీకం. మా ఊళ్ళో కాగితం లేకుండా నడిచే కౌలూ ఆ మాటే.

ఆ పత్రంలో ఉన్నది ముఖ్యంగా ఒకటే: ఫ్రెంచివాళ్ళకి చోటివ్వను. అప్పటికి నెపోలియన్ ఈజిప్టులో దిగి మూడు నెలలు. దాదాపు ఆరు వారాల ముందు, సెప్టెంబరు 1న, హైదరాబాద్ నిజాం ఇంకో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. సారాంశం అదే: ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాన్ని రద్దు చెయ్యాలి, బదులుగా కంపెనీ సైన్యాన్ని పోషించాలి. హైదరాబాద్‌లో ఆ పని నడిపించిన కిర్క్‌పాట్రిక్ మనకి డాల్రింపుల్ రాసిన ప్రేమకథ వల్ల తెలుసు. ఖైరున్నీసా గురించి పేజీలకి పేజీలు మాట్లాడుకుంటాం గానీ ఆ ఒప్పందం సంగతి ఎవరం ఎత్తం. మస్కట్‌లో మాట్లాడినవాడు ఇంగ్లీషువాడు కూడా కాదు, కంపెనీ కొలువులో ఉన్న మెహదీ అలీ ఖాన్. మూసీ ఒడ్డునా, ఒమన్ తీరానా ఒకే శరదృతువులో ఒకే పని జరిగింది. మన పాఠ్యపుస్తకంలో మొదటిది "సైన్య సహకార పద్ధతి" అనే అధ్యాయం. రెండోది ఎక్కడా లేదు.

ఈ రెండింటినీ ఒకే చట్రంలో చూడాలని గట్టిగా వాదించిన పుస్తకం జేమ్స్ ఆన్లీ రాసిన "ది అరేబియన్ ఫ్రాంటియర్ ఆఫ్ ది బ్రిటిష్ రాజ్" (ఆక్స్‌ఫర్డ్, 2007). గల్ఫ్‌తో బ్రిటిష్ వాళ్ళ దౌత్యం లండన్ వ్యవహారం కాదు, ఇండియా వ్యవహారం అంటాడాయన. బూషెహర్‌లో కూర్చున్న రెసిడెంటు ముందు బొంబాయికి, 1873 నుంచి భారత ప్రభుత్వానికి జవాబుదారీ. హైదరాబాద్ కోఠీలో ఉన్న రెసిడెంటుది ఏ ఉద్యోగమో ఆయనదీ అదే ఉద్యోగం. బూషెహర్‌లో తెల్ల అధికారులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. మరి అంత తీరాన్ని ఎలా నడిపారు? "నేటివ్ ఏజెంట్ల" ద్వారా. అంటే ఇండియన్, పారశీక, అరబ్బు వర్తక కుటుంబాల వాళ్ళు. బహ్రెయిన్‌లో 1900 దాకా ఆ కొలువు వాళ్ళదే. వాళ్ళకి కొలువు వల్ల వ్యాపారానికి పరపతి, సర్కారుకి వాళ్ళ వ్యాపారం వల్ల చవగ్గా సమాచారం. ఈ భాగం ఆన్లీ చాలా బాగా రాశాడు. గుమాస్తాల ఉత్తరాల్లోంచి సామ్రాజ్యాన్ని చూపిస్తాడు. మన దుబాసీల గురించి ఇంత ఓపికగా రాసినవాళ్ళు ఎంతమంది?

నాకు పేచీ వచ్చేది ఆ తర్వాత. షేకులు ఎందుకు ఒప్పుకున్నారు అన్న ప్రశ్నకి ఆన్లీ జవాబు ఇది: బలవంతుడి నీడలోకి వెళ్ళి రక్షణ అడగడం అరబ్బు రాజకీయాల్లో పాత ఆచారం, షేకులు బ్రిటిష్ వాళ్ళని అలాంటి రక్షకుడిగానే చూశారు, వాళ్ళే కోరి తెచ్చుకున్నారు. ఇందులో నిజముంది. షేకుల్ని చేతకాని బొమ్మలుగా చూసే చరిత్ర కంటే ఇది మేలు. కానీ ఒప్పందాల భాష పక్కన పెట్టి చూడండి. 1819 చివర్లో నౌకాదళం వచ్చి రస్ అల్ ఖైమాని నేలమట్టం చేసింది. 1820 జనవరిలో షేకులు సంతకాలు పెట్టారు. 1853లో "శాశ్వత" సముద్ర సంధి. 1892లో, మా భూమిలో ఏ ముక్కనీ బ్రిటిష్ వాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇవ్వం, అమ్మం, తాకట్టు పెట్టం అని రాసిచ్చారు. 1899లో కువైట్ షేకు ముబారక్ ఇదే షరతుకి రహస్యంగా సంతకం పెడితే ప్రతిఫలం 15,000 రూపాయలు. రూపాయలే, పౌండ్లు కాదు.

ఈ షరతుని మా ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపిస్తే ఏమంటారు? సొంత భూమిని అవతలివాడి అనుమతి లేకుండా అమ్మలేనివాణ్ణి, కుదవ పెట్టలేనివాణ్ణి, కౌలుకివ్వలేనివాణ్ణి యజమాని అంటారా, కౌలుదారు అంటారా? షేకు కోరే సంతకం పెట్టాడనుకుందాం. అయినా పెట్టాక ఆయన హోదా మారిపోయింది. "రక్షణ" అన్న మాట ఆ మార్పుని కప్పేస్తుంది. ఆన్లీ ఆ మాటని మరీ నమ్మాడని నా ఫిర్యాదు.

ఇంకో సంగతీ ఉంది. షేకు కింద ఉన్న మనుషుల మాట. 1879లో ఆ తీరపు షేకులు రెసిడెన్సీ మధ్యవర్తిత్వంలో తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారు: అప్పు ఎగ్గొట్టి పక్క ఊరికి పారిపోయినవాణ్ణి పట్టి అప్పగించాలి. ఎవరా పారిపోయేవాళ్ళు? ఎక్కువమంది ముత్యాల కోసం మునిగేవాళ్ళు. ముందు బయానా తీసుకుని, సీజను తర్వాత సీజను ఆ బాకీలోనే బతికేవాళ్ళు. సముద్రంలో శాంతి అంటే వాళ్ళకి దాక్కునే ఊరు లేకపోవడం. ఆన్లీ చూపు దర్బారు మీదా, ఏజెంటు ఇంటి మీదా ఉంటుంది గానీ పడవ మీద ఉండదు. పాలేరుతనం చూసిన నేల మీద పుట్టినవాళ్ళకి ఆ 1879 కాగితం వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

ఇదంతా ఎక్కడో గల్ఫ్ సంగతి కదా అనుకుంటే, ఉల్రిక్ ఫ్రైటాగ్ పుస్తకం (బ్రిల్, 2003) చదవాలి. హద్రమౌత్ అంటే ఇప్పటి యెమెన్‌లో తూర్పు భాగం. మనం వారాంతాల్లో ఎగబడి తింటున్న మండి పుట్టిల్లు అదేనంటారు. అక్కడి వీరులు నిజాం సైన్యంలో జమేదార్లు. హైదరాబాద్‌లో బార్కస్ అన్న పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందే. ఫ్రైటాగ్ చెప్పే కథ ఇది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతి హైదరాబాద్‌లో జమేదారుగా సంపాదించి, ఆస్తిలో మూడో వంతు హద్రమౌత్‌లో రాజ్యం కట్టడానికని వీలునామా రాశాడు. అతని ప్రత్యర్థులైన కథీరీ, ఔలకీ నాయకులు కూడా అదే నిజాం కొలువులో జమేదార్లు. చార్మినార్ నీడలో జీతాలు తీసుకుంటూ, అరేబియా సముద్రానికి అవతల ఒకళ్ళ కోటలు ఒకళ్ళు ముట్టడించుకున్నారు. బ్రిటిష్ వాళ్ళకి ఇదొక తలనొప్పి. ఏడెన్ రెసిడెంటు బొంబాయికి రాస్తే, హైదరాబాద్ రెసిడెంటు ద్వారా సాలార్‌జంగ్ మీద ఒత్తిడి: మీ జమేదార్లని అదుపులో పెట్టండి. చివరికి 1881లో ముకల్లా రేవు ఖుఐతీల చేతికి వచ్చింది. 1882లో భూమి ఇతరులకి ఇవ్వమనే ఆ పాత షరతు. 1888లో రక్షణ ఒప్పందం. 1902 నుంచి వాళ్ళకి సుల్తాన్ హోదా. ఆ సుల్తానుకి నిజాం ఇచ్చిన బిరుదు అప్పటికే ఉంది: సుల్తాన్ నవాజ్ జంగ్. తర్వాతి సుల్తానుల్లో ఒకడైన సాలిహ్ బిన్ గాలిబ్ పెరిగింది హైదరాబాద్‌లోనే.

ఇక్కడ "అరబ్బు పాలకుడితో బ్రిటిష్ దౌత్యం" అన్న వాక్యం తలకిందులవుతుంది. ఆ పాలకుడు మన నగరంలో కాపురమున్నవాడు. ఆయన తుపాకుల డబ్బు ఎక్కడిది? సాలార్‌జంగ్ రాకముందు అరబ్బు జమేదార్లు నిజాం సర్కారుకి అప్పులిచ్చి తాలూకాలని తాకట్టు పట్టేవాళ్ళు, శిస్తు వాళ్ళే వసూలు చేసుకునేవాళ్ళు. ఆ శిస్తు కట్టినవాళ్ళు తెలుగు, మరాఠీ రైతులు. షిబామ్ మట్టి మేడల చరిత్రలో ఈ రైతులు లేరు. ఫ్రైటాగ్ దగ్గరా లేరు. ఆమె ప్రశ్న వేరు, వలస వెళ్ళినవాళ్ళు తమ దేశాన్ని ఎలా సంస్కరించుకున్నారన్నది. అందుకని ఆమెని తప్పు పట్టను. తప్పు మనదే.

మన జ్ఞాపకాల్లో అరబ్బు అంటే బాకీదారు గుమ్మం ముందు కత్తి పెట్టుకుని కూర్చున్నవాడు, అంతే. అది అబద్ధం కాదు. కానీ ఆ కూర్చున్నవాడికి ఒక ఊరుందని, అక్కడ అతని తమ్ముడో కొడుకో ఇంకో పెద్ద కాగితం మీద సంతకం పెడుతున్నాడని, ఆ కాగితంలో అతనే కౌలుదారు అవుతున్నాడని మనం రాసుకోలేదు. 1948 తర్వాత వేల మంది అరబ్బుల్ని ఇక్కడినుంచి పంపించేసినప్పుడు, తరతరాలుగా ఇక్కడున్నవాళ్ళ దేశం ఏదన్న ప్రశ్న ఎలా నలిగిందో టేలర్ షెర్మన్ రాసింది. తెలుగులో ఆ విషయం మీద ఒక కథ చదవాలని నాకు చాలా రోజులుగా ఉంది.

ఆన్లీ పుస్తకం ఖరీదెక్కువ, లైబ్రరీలో దొరికితే చదవండి. అధ్యాయాల కంటే ముందు వెనకున్న అనుబంధాలు తిరగెయ్యండి, రెసిడెంట్ల, ఏజెంట్ల పేర్లు వరసగా ఉంటాయి. పక్కన ఐచిసన్ సంపుటం తెరిచి పెట్టుకుని చదివితే ఇంకా బావుంటుంది. మా చిన్నాన్నకి కువైట్ షరతు తెలుగులో చెప్పాను. పూర్తిగా విని, "పదిహేను వేలు ఏడాదికా, ఒక్కసారికేనా?" అని అడిగాడు. ఒక్కసారికే అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి గడువెంత రాశారు?" అన్నాడు.

గడువు రాయలేదు.