అయిదు గడుల వరస

నాగపూర్ హైవే మీద మేడ్చల్, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట. ఈ రెండు దారుల చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలు గుంపులుగా వెలిశాయి. కండ్లకోయలో సీఎంఆర్, మైసమ్మగూడలో మల్లారెడ్డి, జవహర్‌నగర్ పక్కన 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణం. జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికలో జావా నేర్చుకునేవాళ్లకి చివర్లో స్వింగ్ వస్తుంది, పైథాన్ తీసుకున్నవాళ్లకి టికింటర్ వస్తుంది. తెర మీద విండోలు, బటన్లు కట్టుకోవడానికి వాడే ఈ రెండు టూల్‌కిట్‌లలోనూ మెనూ ఒక చిన్న అంశం. పిల్లలు ఒక విండో తెరిచి, దాని నెత్తిన ఫైల్, ఎడిట్, హెల్ప్ అని మూడు మాటలు నిలబెట్టి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని ముందుకు పోతారు. మెనూ గురించి ఎవరూ రెండో ప్రశ్న అడగరు.

ఆ రెండో ప్రశ్న ఇది. మెనూలోని ఒక్కొక్క అంశాన్ని ప్రోగ్రాముకి ఎలా చెప్పాలి?

స్వింగ్ పద్ధతి అందరికీ తెలిసిందే. అంశాన్ని సృష్టించు, దాని పేరు రాయి, షార్ట్‌కట్ తగిలించు, నొక్కితే ఏం జరగాలో చెప్పు, తీసుకెళ్లి మెనూలో చేర్చు. ఒక్కో అంశానికి నాలుగైదు లైన్లు పడతాయి. ఇరవై అంశాలున్న మెనూ అంటే వంద లైన్ల దాకా పోతుంది, అందులో తొంభై లైన్లు ఒకే మాట తిప్పితిప్పి చెబుతుంటాయి. ఆ వంద లైన్లు చదివినా మెనూ ఎలా ఉంటుందో కళ్లకి కట్టదు. ఆదేశాలు వరసగా కనిపిస్తాయి గానీ మెనూ రూపం కనిపించదు.

దీనికి ఒక పాత జవాబు ఉంది. నాకు తెలిసినంతలో ఇంత పొందికైన జవాబు మరొకటి లేదు. జీటీకే అనే టూల్‌కిట్‌లో 1998లో టిమ్ యానిక్ రాసిన ఐటమ్ ఫ్యాక్టరీ అది.

జీటీకే పుట్టుక గురించి రెండు ముక్కలు. బర్కిలీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ కలిసి జింప్ అనే బొమ్మల ప్రోగ్రాము రాశారు. మొదట దాన్ని మోటిఫ్ అనే టూల్‌కిట్ మీద కట్టారు. ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టి తమ టూల్‌కిట్ తామే తయారు చేసుకున్నారు. దాని మొదటి స్థిరమైన రూపం 1998 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే చదువుకునే పిల్లలు తమ ప్రాజెక్టు కోసం చేసుకున్న పనిముట్టే తర్వాత గ్నోమ్ డెస్క్‌టాప్‌కి పునాది అయింది. మేడ్చల్ ల్యాబుల్లో కూర్చున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఐటమ్ ఫ్యాక్టరీలోని ఒక వరసని దగ్గరగా చూద్దాం. మెనూ మొత్తం ఒక పట్టిక. ఒక్కో అంశానికి ఒక్కో వరస, ఒక్కో వరసలో అయిదు గడులు. మొదటి గడిలో దారి. రెండో గడిలో షార్ట్‌కట్. మూడో గడిలో, నొక్కినప్పుడు పిలవాల్సిన ఫంక్షన్. నాలుగో గడిలో ఒక అంకె. అయిదో గడిలో అంశం రకం. పట్టిక రాసి ఒక్క పిలుపుతో ఫ్యాక్టరీకి అప్పగిస్తే మెనూ తయారు.

మొదటి గడిలోనే అసలు పనితనం ఉంది. అందులో “/ఫైల్/_ఓపెన్” లాంటి మాట ఉంటుంది. ఫైళ్ల దారి రాసినట్టే ఇది మెనూ దారి. ఈ ఒక్క గడి మూడు సంగతులు చెబుతోంది. అంశం ఎక్కడ ఉండాలి? ఫైల్ మెనూ కింద. తెర మీద ఏమని కనిపించాలి? ఓపెన్ అని. కీబోర్డు మీద ఏ అక్షరంతో అందుకోవాలి? అండర్‌స్కోర్ ఏ అక్షరం ముందు ఉందో ఆ అక్షరంతో. తెర మీద అండర్‌స్కోర్ కనబడదు, ఆ అక్షరం కింద గీత పడుతుంది. మెనూ తెరిచి ఉన్నప్పుడు ఆ అక్షరం కీ నొక్కితే చాలు. మౌస్ పట్టుకోలేని మనిషికి, చూపు సరిగా ఆననివాళ్లకి, రోజంతా టైపు చేసేవాళ్లకి ఆ చిన్న గీత ఎంత మేలు చేస్తుందో వాళ్లనే అడగాలి.

ఇంకో వివరం నాకు మరీ ఇష్టం. పట్టికలో తల్లి మెనూని ప్రకటించకుండానే పిల్ల అంశాన్ని రాశారనుకోండి. ఫ్యాక్టరీ తప్పు పట్టదు. దారిని చదివి, మధ్యలో లేని మెనూని తనే సృష్టించి, ఆ తర్వాత అంశాన్ని అందులో పెడుతుంది. రాసినవాడు దారి చెప్పాడంటే ఆ దారి ఉండాలనే కదా కోరుకున్నాడు! ఆ కోరికని యంత్రం అర్థం చేసుకునేలా రాశారు.

నాలుగో గడిలోని అంకె పైకి అనవసరంగా కనిపిస్తుంది. చాలా పట్టికల్లో అది సున్నాగానే ఉంటుంది. కానీ బొమ్మని యాభై శాతానికి, వందకి, రెండు వందలకి మార్చే మూడు అంశాలు ఉన్నాయనుకుందాం. మూడు ఫంక్షన్లు అక్కర్లేదు. ఒకే ఫంక్షన్ పేరు మూడు వరసల్లో రాసి, నాలుగో గడిలో 50, 100, 200 అని వేస్తే సరిపోతుంది. ఆ అంకె ఫంక్షన్‌కి చేరుతుంది.

అయిదో గడిని ఖాళీగా వదిలేస్తే మామూలు అంశం. మెనూల్లో నూటికి తొంభై అవే కాబట్టి, ఎక్కువసార్లు కావలసినదానికి రాయాల్సిన పని లేకుండా చేశారు. బ్రాంచ్ అని రాస్తే ఉపమెనూ. సెపరేటర్ అంటే అడ్డగీత. చెక్ ఐటమ్ అంటే టిక్కు పెట్టే అంశం. లాస్ట్ బ్రాంచ్ అని రాస్తే అది మెనూ పట్టీలో కుడి కొసకి జరుగుతుంది. ఆ రోజుల్లో హెల్ప్ మెనూ అక్కడ ఉండేది, దానికోసమే ఇది. రేడియో అంశాల సంగతి మరీ చక్కనిది. గుంపులో ఒక్కటే ఎంపిక కావాలంటే, గుంపు అనే వేరే వస్తువుని సృష్టించనక్కర్లేదు. మొదటి అంశాన్ని రేడియో ఐటమ్ అని ప్రకటించి, మిగతావాటి అయిదో గడిలో ఆ మొదటి అంశం దారిని రాస్తే చాలు. ఫలానా దానితో జత అని అర్థం. దారి అనే ఒకే ఆలోచనని చోటు చెప్పడానికి, పేరు చెప్పడానికి, చుట్టరికం చెప్పడానికి కూడా వాడుకున్నారు.

ఈ దారి గొప్పతనం తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇంకా బాగా తెలుస్తుంది. తెలుగు తప్ప మరో భాష రానివాళ్లకి కంప్యూటరు అందాలని పట్టుబట్టి పనిచేసిన సంస్థ హైదరాబాదులో ఉంది, స్వేచ్ఛ. తెలుగులో వచ్చిన మొదటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం పేరు కూడా అదే. అలాంటి వ్యవస్థలో మెనూలు తెలుగులో రావాలంటే ప్రోగ్రాము రాసినవాడు తెలుగు తెలిసినవాడై ఉండక్కర్లేదు. అనువాదకుడికి సీ భాష తెలిసి ఉండక్కర్లేదు. ఐటమ్ ఫ్యాక్టరీకి ఒక అనువాద ఫంక్షన్ ఇస్తే, అది ప్రతి దారినీ ఆ ఫంక్షన్‌కి చూపించి, తిరిగొచ్చిన తెలుగు దారిలో చివరి స్లాష్ తర్వాతి ముక్కని తెర మీద చూపుతుంది. లోపల మాత్రం అంశాన్ని పాత ఇంగ్లిష్ దారితోనే గుర్తుపెట్టుకుంటుంది. పహాణీలో పట్టాదారు పేరు మారినా సర్వే నంబరు మారనట్టు, తెర మీది మాట ఏ భాషలోకి మారినా అంశం గుర్తింపు కదలదు. దీనివల్ల ఒక గొప్ప లాభం ఉంది. అప్పటి జీటీకేలో మెనూ అంశం మీద మౌస్ నిలిపి, కావలసిన కీలు నొక్కితే షార్ట్‌కట్ మారిపోయేది. జింప్ ఆ మార్పులని మెనూఆర్‌సీ అనే ఫైల్లో దాచిపెట్టేది. అవి గుర్తింపు పేరుతోనే నమోదవుతాయి కాబట్టి, ఇంగ్లిష్‌లో అలవాటు చేసుకున్న షార్ట్‌కట్‌లు తెలుగు మెనూలోనూ అలాగే పనిచేస్తాయి.

అయితే అండర్‌స్కోర్ మాత్రం తెలుగుకి పెద్ద చిక్కే తెచ్చింది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం, ఒక కీ, కింద ఒక గీత. తెలుగులో “కత్తిరించు” తీసుకోండి. “త్తి” కింద గీత పడాలంటే అక్కడ ముందే వత్తు కూర్చుని ఉంది. గీత దాన్ని కోసుకుంటూ పోతుంది. సరే, “తెరువు”లోని “తె” లాంటి వత్తు లేని అక్షరం ఎంచుకున్నాం అనుకుందాం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో “త” ఉన్నది ఇంగ్లిష్ ఎల్ కీ మీద. కీబోర్డు ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు దాన్ని నొక్కితే “త” అని ఎవరికి తోస్తుంది? తెలుగు అనువాదకులు చైనా, జపాన్, కొరియా భాషలవాళ్లు వెళ్లిన దారినే వెళ్లారు. తెలుగు మాట రాసి, పక్కన కుండలీకరణాల్లో అండర్‌స్కోర్‌తో ఇంగ్లిష్ అక్షరం పెట్టారు. “తెరువు” పక్కన ఓ. “దస్త్రం” పక్కన ఎఫ్. కంటికి కొంచెం అడ్డుగా ఉంటుంది, నిజమే. కానీ వేళ్ల అలవాటు చెడలేదు, వత్తుల మీద గీత పడలేదు. ఉన్నంతలో ఇది మంచి నిర్ణయమే. పైగా టూల్‌కిట్‌లో ఒక్క లైను కూడా మార్చకుండా ఇది కుదిరింది. అండర్‌స్కోర్ ఎక్కడ ఉండాలన్నది ప్రోగ్రాములో కాకుండా మాటలోనే ఉండడం వల్ల దక్కిన స్వేచ్ఛ అది.

ఇంత మెచ్చుకున్నాక లోపం కూడా చెప్పాలి. దారి మీద బరువు ఎక్కువైంది. చోటు, గుర్తింపు, కనిపించే మాట మూడూ దాని మీదే పడ్డాయి. ఒక అంశాన్ని ఎడిట్ మెనూ నుంచి టూల్స్ మెనూకి జరిపితే దారి మారిపోతుంది, దారితో పాటు గుర్తింపూ పోతుంది, వాడుకరి దాచుకున్న షార్ట్‌కట్ అనాథ అవుతుంది. అనువాదకుడి కష్టం ఇంకోటి. కనబడేది చివరి ముక్కే అయినా దారి మొత్తం తెలుగులో రాయాలి, స్లాష్‌లు చెడకుండా చూసుకోవాలి.

2004లో వచ్చిన జీటీకే 2.4 ఈ ముడి విప్పింది. యాక్షన్ అనే కొత్త వస్తువు వచ్చింది. పేరు, తెర మీది మాట, షార్ట్‌కట్, వివరణ, ఫంక్షన్ అన్నీ దాని దగ్గర ఉంటాయి. ఏ యాక్షన్ ఏ మెనూలో ఉండాలో విడిగా ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో రాస్తారు. అంశాన్ని ఎక్కడికి జరిపినా పేరు కదలదు. అదే యాక్షన్‌ని మెనూలోనూ టూల్‌బార్‌లోనూ పెట్టొచ్చు. ఒకచోట పనిచేయకుండా ఆపితే రెండుచోట్లా మసకబారుతుంది. ఐటమ్ ఫ్యాక్టరీని అప్పుడే పాతబడినదిగా ప్రకటించారు. 2011లో వచ్చిన మూడో తరంలో తీసేశారు.

2012లో జీటీకేకి ఆధారమైన జీలిబ్ 2.32, జీటీకే 3.4లతో మరో అడుగు పడింది. ఇప్పుడు మెనూ అంటే తెర మీది వస్తువులు (విడ్జెట్లు) కూడా కాదు, ఒక నమూనా మాత్రమే. అంశంలో మాట ఉంటుంది, “యాప్.క్విట్” లాంటి యాక్షన్ పేరు ఉంటుంది. టిక్కు అంశమా, రేడియో అంశమా అని ఎక్కడా రాయరు. ఆ యాక్షన్‌కి అవును–కాదు అనే స్థితి ఉంటే దానంతటదే టిక్కు వస్తుంది. స్థితి ఒక మాటగా ఉండి, అంశం దగ్గర దానికి సరిపోల్చాల్సిన విలువ ఉంటే రేడియో అవుతుంది. 1998లో అయిదో గడిలో చేత్తో రాసినదాన్ని ఇక్కడ వస్తువు స్వభావం నుంచే గ్రహిస్తున్నారు. 2020 డిసెంబరులో వచ్చిన జీటీకే 4లో పాత మెనూ అంశాల విడ్జెట్లు పూర్తిగా పోయాయి, ఈ నమూనా పద్ధతే మిగిలింది.

పెద్ద ప్రోగ్రాము కట్టేవాళ్లకి కొత్త పద్ధతే సరైనది, అందులో సందేహం లేదు. కానీ నేర్చుకునేవాడికి పాఠం చెప్పాలంటే నా ఓటు అయిదు గడుల పట్టికకే. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ ఒకచోట, యాక్షన్ల జాబితా మరోచోట, రెంటినీ కలిపే పేర్లు ఇంకోచోట ఉంటే మొదటిసారి చూసే విద్యార్థి తల తిరిగిపోతుంది. పట్టికలో అంతా కళ్లముందు ఉంటుంది. ఒక్క పేజీలో మెనూ మొత్తం చదవొచ్చు. పైనుంచి కిందికి చదివితే తెర మీద పైనుంచి కిందికి కనిపించే క్రమమే. దాని లోపమేమిటో తెలిశాక, ఆ తర్వాతి రెండు అడుగులూ ఎందుకు పడ్డాయో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

జీటీకే రెండో తరం మూలం ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చివరిదైన 2.24 దాకా ఐటమ్ ఫ్యాక్టరీ అందులో ఉంది. అది ఎల్‌జీపీఎల్ కింద ఉంది కాబట్టి చదవడానికి, మార్చి చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జావా ల్యాబులో మెనూ ప్రోగ్రాము రాయబోయే విద్యార్థులకి నా మనవి ఒక్కటే. స్వింగ్‌లోనే అయినా సరే, ముందు అయిదు గడుల పట్టిక రాసుకోండి, దాన్ని చదివి మెనూ కట్టే ఒక్క లూప్ రాయండి. పేర్ల గడిలో తెలుగు పెట్టి కూడా నడిపి చూడండి.