అందరూ టాపెట్టే అన్నారు

ఈ వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెళ్ళి ఫొటోల మధ్యకి ఒక చప్పుడు వచ్చిపడింది. అరనిమిషం కూడా లేని వీడియో. బానెట్ తెరిచిన పాత మారుతి 800, దాని కింద మా మేనల్లుడి మాట: "హెడ్ నేనే దించి గ్యాస్కెట్ మార్చాను. స్టార్టయింది. కానీ ఈ టిక్ టిక్ ఏంటో ఎవరైనా చెప్పండి."

చెప్పకుండా ఉంటారా? మా బాబాయి టాపెట్ అన్నాడు. అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి టాపెట్ అన్నాడు. జన్మలో స్కూటరు తప్ప మరోటి నడపని మా తోడల్లుడు "డౌటే లేదు, టాపెట్టే" అని తేల్చేసి, పక్కన బొటనవేలు బొమ్మ కూడా పెట్టాడు. ఇంజను పైభాగంలో ఏం మోగినా మనవాళ్ళకి టాపెట్టే, కింద ఏం మోగినా "బోరుకొచ్చింది". ఈ రెండు మాటలతో ఎంతమంది ఎన్ని ఇంజన్లు అనవసరంగా విప్పించారో!

ఆ బండి మా బావగారిది. రేడియేటరులో నీళ్ళు అయిపోయినా చూసుకోకుండా హైవే మీద లాగించాడు మావాడు. 796 సీసీ, మూడు సిలిండర్లు, పోత ఇనుము బ్లాకు మీద అల్యూమినియం హెడ్. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. బోల్టులు కదలనివ్వవు. హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్ళొచ్చి ఆయిల్లో కలుస్తాయి. మెకానిక్ చెప్పిన రేటు విని వాడికి పౌరుషం వచ్చింది. వీడియోలు చూసి హెడ్ దించాడు, లేత్ షాపులో ఫేసింగ్ చేయించాడు, పేస్టు పెట్టి వాల్వులు నూరాడు, కొత్త గ్యాస్కెట్ వేసి బోల్టులు మధ్య నుంచి అంచులకి మూడు విడతల్లో బిగించాడు. బిగించింది నా టార్క్ రెంచితోనే. పండక్కి వచ్చి పట్టుకుపోయాడు, ఇంతవరకూ తిరిగివ్వలేదు.

ముందు నాకు వాణ్ణి తిట్టాలనిపించింది. హెడ్ దించడం అందరూ చేస్తారు. మళ్ళీ బిగించాక వచ్చే చప్పుడుకి అర్థం చెప్పాలంటే ఏళ్ళ తరబడి ఆయిల్లో నానిన చెవి కావాలి. అది వీడియోలో దొరకదు. పైగా ఫోను మైకు మనిషి మాట కోసం తయారైంది. ఒకే తీరున మోగేదాన్ని రొదగా లెక్కగట్టి నొక్కేస్తుంది, కింది స్థాయి దబదబలని సగం మింగేస్తుంది. కింద క్రాంక్ దగ్గర బిగ్ ఎండ్ బేరింగు పోయి మొత్తుకుంటున్నా ఫోనులో అది టిక్ టిక్‌లాగే వినపడొచ్చు.

చెవి అంటే నాకు గుర్తొచ్చేది విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ. మా పెదనాన్నకి టాక్సీ అంబాసిడర్ ఉండేది, 1489 సీసీ పెట్రోలు ఇంజనుది. సెలవుల్లో నేను ఆయన వెంట షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. మేస్త్రీకి పేరున్నా ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. బండి వచ్చి ఆగగానే ఇంజను ఆపొద్దని చెయ్యి ఊపేవాడు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనని వాల్వ్ కవరు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. రెండో చేతి వేళ్ళు మడ్‌గార్డు మీద సన్నగా తడుతూ ఉండేవి. లోపల ఘంటసాల పాటేదో పాడుకుంటున్నాడనుకునేవాణ్ణి. కాసేపటికి కళ్ళు తెరిచి "పైదే" అనో "కిందది బాబూ, దించాల్సిందే" అనో తీర్పు చెప్పేవాడు. పెదనాన్న మొహం ఆ ఒక్క ముక్కని బట్టి మారిపోయేది.

"పైదే" అంటే ఆ రోజు నాకు పండగ. అందులో నాకూ పని దొరికేది. ఇంజను చల్లారాక వాల్వ్ కవరు తీసేవాడు. బండి ముందు హ్యాండిల్ పెట్టి ఇంజనుని మెల్లగా తిప్పడం నా వంతు. ఎనిమిది వాల్వులకి ముందు నుంచి వెనక్కి అంకెలు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకోగానే "ఆగు" అనేవాడు, ఒకటోదాని కాడకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ దూర్చేవాడు. ఆరోది తెరుచుకుంటే మూడోది. నాలుగోది తెరుచుకుంటే ఐదోది. ఏ జత కూడినా తొమ్మిదే. నాకు బళ్ళో లెక్కలు ఎక్కకపోయినా ఆ తొమ్మిది మాత్రం ఎక్కింది. గేజ్ దూరేటప్పుడు కాస్త పట్టు తగలాలి, అలాగని ఇరుక్కోకూడదు. ఆ పట్టు ఎంతో తెలియడానికి నా వేళ్ళకి పెట్టి చూపించేవాడు. నట్టు బిగించాక మళ్ళీ కొలిచేవాడు. బిగింపులోనే సందు మారిపోతుందట. మారేది కూడా.

వేళ్ళ సంగతి ఒకసారి అడిగేశాను, ఏం పాట అని. నవ్వాడు. పాట కాదు, లెక్క. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వులని తెరిచే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అంచేత పైన వాల్వుల దగ్గర పుట్టే చప్పుడు ఇంజను వేగంలో సగానికే వినిపిస్తుంది. కింద క్రాంక్‌తో వచ్చే చప్పుడు సాధారణంగా చుట్టుకొకటి. ఐడిల్‌లో నిమిషానికి ఎనిమిదొందల చుట్లు తిరిగే బండిలో ఒక టాపెట్ వదులైతే నిమిషానికి నాలుగొందల దెబ్బలు, అంటే సెకనుకి ఆరేడు. నోటితో లెక్కపెట్టలేం గానీ వేళ్ళతో జోడించి పోల్చుకోవచ్చు. క్రాంక్ చప్పుడైతే సెకనుకి పదమూడు, వేళ్ళు అందుకోలేవు, ఒకదాన్నొకటి తరుముతున్నట్టు కలిసిపోతాయి. ఆయన వింటున్నది శ్రుతి కాదు, లయ. టిక్కా, టకా, దడా అన్న గొడవే ఆయనకి లేదు.

అంటే ఆ చెవిలో నేననుకున్న మాయ ఏదీ లేదన్నమాట! ఉన్నది ఒక భాగహారం. భాగహారానికి ఆటోనగర్‌లో పుట్టక్కర్లేదు.

రాత్రి మేనల్లుడికి ఫోన్ చేశాను. "వీడియోలొద్దు, టైమింగ్ లైటు ఎక్కడైనా అడిగి తీసుకురా" అన్నాను. "దేనికి మావయ్యా, టైమింగ్ బాగానే ఉందిగా?" "చప్పుడు కొలవడానికిరా."

ఆ లైటు క్లిప్పుని ఒకటో సిలిండరు ప్లగ్గు వైరుకి తగిలిస్తే ఆ ప్లగ్గు మండినప్పుడల్లా మెరుస్తుంది. డిస్ట్రిబ్యూటరున్న బండిలో రెండు చుట్లకొక మెరుపు. మెరుపుకొక దెబ్బ వినపడితే సగం వేగం చప్పుడు, రెండు దెబ్బలైతే క్రాంక్ వేగం చప్పుడు. మేస్త్రీ వేళ్ళు చేసిన పని ఇది ఇంకా కచ్చితంగా చేస్తుంది. నాకు చెప్పడానికి మనసొప్పదు గానీ, చేస్తుంది. మావాడు లైటు పట్టుకుని, "మెరుపుకొకటే మావయ్యా" అన్నాడు. "అయితే టాపెట్టేగా?" అని కూడా అన్నాడు.

అక్కడే ఆగిపోతే తోడల్లుడే నెగ్గేవాడు. సగం వేగంతో మోగేవి వాల్వులొక్కటే కాదు. ఏ సిలిండరైనా మండేది రెండు చుట్లకొకసారే కాబట్టి, మంట ఒత్తిడి ఎక్కడ సందు దొరికి చిమ్మినా అదే లయ. ప్లగ్గు వదులైనా, హెడ్ గ్యాస్కెట్ అంచున వదిలేసినా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సరిగ్గా కూర్చోకపోయినా టాపెట్‌లాగే టిక్కుమంటాయి. వీటిని విడదీయడానికి ఇంకో పరీక్ష ఉంది. ఇంజను ఆపి ఒక సిలిండరు వైరు తీసి, దాన్ని వేరే ప్లగ్గుకి తొడిగి బ్లాకుకి ఆనించమన్నాను. నడుస్తున్న ఇంజనులో వైరు చేత్తో లాగితే షాకు కొడుతుంది. మళ్ళీ స్టార్ట్ చేసి వినాలి. వాల్వు ఎలాగూ తెరుచుకుని మూసుకుంటుంది కాబట్టి టాపెట్ చప్పుడు అలాగే ఉంటుంది. మంట లేకపోతే లీకు చప్పుడు మాత్రం పడిపోతుంది. కెటలిటిక్ కన్వర్టరున్న బళ్ళలో ఈ పరీక్ష కొన్ని సెకన్లకి మించకూడదు. మండని పెట్రోలు వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది.

మధ్య సిలిండరు వైరు తీయగానే టిక్ టిక్ దాదాపు మాయం. "చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాకా?" "చల్లగా ఉన్నప్పుడే." మానిఫోల్డ్ వేడికి సాగి సందు పూడుతుందన్నమాట. టార్చి వేసి చూడమంటే మధ్య పోర్టు దగ్గర నల్లటి మసి గీత కనపడింది. హెడ్‌కి కొత్త గ్యాస్కెట్ కొన్నవాడు మానిఫోల్డ్‌కి పాతదే మళ్ళీ వేశాడు.

ఇంతకన్నా నన్ను భయపెట్టింది తర్వాత చెప్పిన ముక్క. గ్రూపులో అందరి మాటా విని, టాపెట్లు చెవితోనే "కొంచెం కొంచెం" బిగించి ఉన్నాడట. వాల్వులు నూరితే అవి సీటులోకి కాస్త దిగి, కాడ పైకి లేస్తుంది, సందు ముందే తగ్గి ఉంటుంది. దాని మీద ఇంకా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటుకి ఆనుకుని వేడి వదిలించుకోవాల్సిన ఎగ్జాస్ట్ వాల్వు ఆనకుండా కాలిపోతుంది. అది కాలేటప్పుడు చప్పుడేమీ చెయ్యదు. సన్నగా టకటకమనే టాపెట్‌తో బండి ఏళ్ళు నడుస్తుంది గానీ, నోరు నొక్కేసిన టాపెట్ హెడ్‌ని మళ్ళీ దింపిస్తుంది. మర్నాడు వాడు ఆరు వాల్వులూ ఫీలర్ గేజ్ పెట్టి మళ్ళీ సెట్ చేశాడు. అక్కడి సందు మిల్లీమీటరులో ఆరో వంతో ఏడో వంతో. ఏ చెవికీ అందే కొలత కాదది.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్‌ది అదే ఏడాది మే నెలలో. హ్యాండిల్ పెట్టి తిప్పించే మేస్త్రీలు కూడా ఇక తయారు కారు. అయినా హెడ్ ఇంట్లో దించొద్దని నేనిక ఎవరికీ చెప్పను. ఏ బోల్టు ఎంత బిగించాడో, ఏ గ్యాస్కెట్ పాతది వేశాడో దించినవాడికే తెలుసు. వాడి చేతిలో లైటూ గేజూ ఉంటే గ్రూపంతా కలిసినా వాడి ముందు చాలదు.

కాబట్టి నాకు ఇంజను వీడియోలు పంపే పాఠకులకొక మనవి. మెరుపుకి ఒక దెబ్బా రెండా, ఏ వైరు తీస్తే తగ్గుతోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఈ మూడూ రాసి పంపండి. వీడియో అక్కర్లేదు. ఆయిలు దీపం వెలుగుతూ కింద నుంచి దబదబ వస్తుంటే మాత్రం నాకు రాస్తూ కూర్చోవద్దు. ఇంజను ఆపేసి బండిని వేరే బండితో లాగించుకెళ్ళండి.