మిక్సీ నుంచి మునివేళ్ల దాకా

పరవాడలో వంటింటి వేళల్ని నిర్ణయించేవి కంపెనీ బస్సులు. ఫార్మా సిటీకి పొద్దుటి షిఫ్టువాళ్లు చీకటితోనే బస్సెక్కుతారు. సింహాద్రి థర్మల్ కేంద్రంలో పనిచేసేవాళ్లకి రాత్రి డ్యూటీలుంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో పసిపిల్లలకి మధ్యాహ్నం బువ్వ పెట్టే పని అమ్మమ్మలకో తాతయ్యలకో వచ్చిపడుతోంది. మా ఇంట్లో నాకొచ్చింది. ఇన్నాళ్లూ బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, రిటైరయ్యాక మనవడికి అన్నం కలపడం నేర్చుకున్నాను. చూసినవాళ్లు ‘మాస్టారికి మంచి కాలక్షేపం’ అంటారు. కాలక్షేపం కాదు. ఉగ్గు తినే పిల్లని ఇంటి భోజనంలోకి తీసుకురావడం పనితనం. చేస్తూ ఉంటేనే చెయ్యి తిరుగుతుంది.

మనవాళ్లు అన్నప్రాశనకి ముహూర్తం పెట్టిస్తారు. సింహాచలం కొండకో, ఇంటి దగ్గరి గుడికో వెళ్తారు. పరమాన్నం నాకిస్తారు, ఫొటోలు తీస్తారు. ఆ రోజు నుంచి పిల్ల అందరితో కలిసి అన్నం తినే రోజు దాకా ఏడాదికి పైగా ప్రయాణం ఉంది. దానికి ముహూర్తమూ లేదు, ఫొటోలూ లేవు. చాలా ఇళ్లలో చిక్కొచ్చేది అక్కడే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగిన ఆహారం అందుతున్నది నూటికి పదకొండు మందికే. ఇది పేదరికం లెక్క మాత్రమే అనుకుంటే పొరపాటు. డబ్బున్న ఇళ్లలోనూ రెండో ఏడు నిండే వరకూ పాలసీసా, బిస్కెట్టు, మెత్తని జావతో గడిచిపోతున్న పిల్లలు నాకు తెలుసు.

మా వీధిలో ఒకామె మొన్న ఆపి అడిగింది: “మాస్టారూ, మా గుంటడు ఏటీ తినడం లేదండి. ఏడాది వరకూ గిన్నె ఖాళీ చేసీవోడు. ఇప్పుడు మొకం తిప్పేస్తన్నాడు.” ఆమెకి చెప్పిన మాటే ఇక్కడా చెబుతాను. పుట్టినప్పటి బరువు మొదటి పుట్టినరోజుకి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలీ తగ్గుతుంది. చలాకీగా ఆడుతూ, అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పైకి పోతూ ఉంటే ఆ పిల్లవాడు తినడం మానెయ్యలేదు, తనకి కావలసినంతే తింటున్నాడు. కంగారంతా పెద్దవాళ్లదే.

ఆ కంగారులోనే అసలు చెడు జరుగుతుంది. అన్నం తినలేదని సీసాడు పాలు పడతారు. పాలతో కడుపు నిండాక అన్నం ఎలా తింటాడు? పైగా ఆవుపాలలో, గేదెపాలలో ఇనుము దాదాపు లేదు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరో నెలకల్లా తరిగిపోతుంది. ఆపైన తిండి నుంచే రావాలి. ఏడాది దాటిన పిల్లకి రోజుకి అర లీటరుకు మించి పాలు పడితే ఆ మేరకు అన్నం, పప్పు, గుడ్డు వెనక్కి పోతాయి. టీలో ముంచిన బిస్కెట్టు పెట్టడం మన వైపు మరీ మామూలు. టీ కొంచెమే అయినా, తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. ఆ అంకెలో మన టీ గ్లాసులకీ, పాలసీసాలకీ వాటా ఉంది.

ఇక పనితనం సంగతి. ఈ ప్రయాణంలో మూడు మజిలీలున్నాయి. వాటిని నేను పనిముట్లతో గుర్తుపెట్టుకుంటాను. ఆరు నెలలు నిండాక మిక్సీ: అన్నం, పప్పు కలిపి మెత్తగా తిప్పి పెట్టడం. ఎనిమిదో నెలకి పప్పుగుత్తి: ఎనిపితే పలుకు నలిగినట్టే ఉంటుంది గానీ పూర్తిగా పోదు. పదో నెల వచ్చేసరికి మునివేళ్లు: మెదిపిన ముద్దలో మెతుకు మెతుకుగా తగలాలి. ఏడాది నిండాక మెదపడం కూడా నెమ్మదిగా మానుకోవాలి. మెత్తగా ఉడికిన అన్నం, ఆనపకాయ ముక్క, బీరకాయ ముక్క ఉన్నవి ఉన్నట్టే కంచంలోకి రావాలి.

మిక్సీ దగ్గరే ఆగిపోవడం సుఖం. పిల్లకి గొంతు పట్టదు, మనకి తొందరగా పనవుతుంది. కానీ నమలడం నేర్చుకోవడానికీ ఒక వయసుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1990ల మొదట్లో పుట్టిన వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. తొమ్మిదో నెల దాటే వరకూ పలుకున్న తిండి రుచి చూడని పిల్లలు ఏడేళ్లు వచ్చాక కూడా కూరగాయలు, పళ్లు తక్కువ తిన్నారు. తిండి దగ్గర పేచీలూ వాళ్లవే ఎక్కువ. పళ్లు రాలేదు కదా, ఎలా నములుతాడు అని మా ఆవిడ కూడా అంది. చిగుళ్లతో నములుతారు. పండిన అరటిపండు ముక్కని చేతికిచ్చి చూడండి, తెలుస్తుంది.

రెండో మాట కుండ గురించి. పిల్లకి వేరే వంట చేస్తున్నంతకాలం పిల్ల వేరేగానే ఉంటుంది. షిఫ్టుకి వెళ్లే తల్లి పొద్దున్నే రెండు వంటలు చేయలేదు, చేయనక్కర్లేదు కూడా. ఆనపకాయ పప్పు ఉడికాక ఉప్పూ కారం వేసేముందు రెండు గరిటెలు పక్కకి తీస్తే అది పిల్లవాడి పప్పు. మిగిలినదానికి మనం మిరపకాయ పోపు పెట్టుకుంటాం, వాడిదానికి నేతిలో జీలకర్ర వేస్తే చాలు. తోటకూర, ములగాకు, గుమ్మడికాయ అన్నిటికీ ఇదే పద్ధతి. ఏడాది లోపు ఉప్పు జోలికి పోనక్కర్లేదు. ఏడాది దాటాక మన కూరలోనే కాస్త చప్పగా ఉన్నది పెట్టొచ్చు. నిజానికి ఇక్కడ మారాల్సింది పెద్దల నాలుక. పిల్ల కోసం కుండలో ఉప్పూ కారం తగ్గిస్తే ఆ ఇంట్లో బీపీ ఉన్న తాతకీ మేలే. మా ఇంట్లో ఆ తాతని నేనే.

మూడోది చిక్కదనం. చోడి మన ఉత్తరాంధ్ర ధాన్యం. వంద గ్రాముల చోళ్లలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. అయితే పెద్దవాళ్లు పొద్దున్నే తాగే అంబలిలా పల్చగా కాచి పోస్తే పిల్లకి కడుపు నిండుతుంది గానీ బలం రాదు. పది కిలోల పిల్ల పొట్టలో ఒక్కసారికి పట్టేది మూడు వందల మిల్లీలీటర్ల దాకానే. రెండో ఏట తల్లిపాలు తాగుతున్న పిల్లకి కూడా పైతిండి నుంచి రోజుకి 550 కేలరీలు రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంత చిన్న పొట్టలోకి నీళ్లు పోస్తే లెక్క కుదరదు. చోడిజావ గరిట వంచితే కారిపోకూడదు, జారాలి. అందులో చెంచాడు నెయ్యి వేస్తే నలభై ఐదు కేలరీలు కలుస్తాయి. వేయించిన వేరుశనగ గుళ్లు మెత్తగా పొడిచేసి కలిపితే ఇంకా మంచిది. పాడేరు వైపు నుంచి వచ్చే చోళ్లు సంతలో దొరుకుతూనే ఉన్నాయి. రంగురంగుల డబ్బా మీద ‘రాగి’ అని రాసి ఉంటేనే మనకి ఆనుతుంది.

పరవాడకి సముద్రం దగ్గర. ముత్యాలమ్మపాలెంలో పడవలు ఒడ్డుకి వస్తే చేపకి కొదవ లేదు. అయినా ‘పసిగుంటడికి చేపేటి’ అంటారు. వంజరం, చందువ లాంటి ముళ్లు తక్కువున్న చేప ఉడకబెట్టి, ముల్లు ఉందేమో వేళ్లతో నలిపి చూసుకుని అన్నంలో కలిపితే అంతకంటే మంచి తిండి ఏముంది? గుడ్డు కూడా అంతే. బాగా ఉడికిందైతే ఆరో నెల దాటాక తెల్లసొనా పచ్చసొనా రెండూ పెట్టొచ్చు. మాంసాహారం తినని ఇళ్లలో పప్పూ ఆకుకూరా కలిపి, పైన రెండు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. ఒక రుచి నచ్చలేదని ఉమ్మేస్తే అక్కడితో దాన్ని వదిలెయ్యకండి. కొత్త రుచి అలవాటవడానికి పది, పదిహేనుసార్లు పడుతుంది. బలవంతం లేకుండా మళ్లీ మళ్లీ కంచంలో కనిపించాలి, అంతే.

బలవంతం అన్నాను కాబట్టి తినిపించే తీరు గురించి చెప్పాలి. ఇందులో మన తెలుగునేలే పెద్ద పాఠశాల అయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలో అరవై ఊళ్లు ఎంచుకుని, ఆరు వందల మంది తల్లీబిడ్డలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో మామూలు అంగన్‌వాడీ సేవలే. కొన్నిట్లో ఏం పెట్టాలో ఇళ్లకి వెళ్లి చెప్పారు. మిగిలినవాటిలో ఎలా పెట్టాలో కూడా చెప్పారు: పిల్ల మొహం చూస్తూ, మాట్లాడుతూ, ఆడిస్తూ, ఆకలి తెలుసుకుని, చాలన్నప్పుడు ఆపుతూ. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం సలహాలందిన ఊళ్ల పిల్లలు బాగా తిన్నారు. ఎలా పెట్టాలో కూడా చెప్పిన ఊళ్లలో పదిహేనో నెల నాటికి మానసిక ఎదుగుదల పరీక్షలో పిల్లలకి మార్కులు ఎక్కువొచ్చాయి. అంటే ముద్దతో పాటు మాట కూడా పిల్లకి తిండే.

ఈ మాట ఫోను చేతికిచ్చి తినిపించే ఇళ్లకి మరీ అవసరం. బొమ్మలు చూస్తూ నోరు తెరిచే పిల్లకి తాను తింటున్నట్టే తెలియదు, కడుపు నిండినట్టూ తెలియదు. చేత్తో తిననివ్వాలి. నేల పాడవుతుంది, బట్టలు పాడవుతాయి, సగం మెతుకులు కాకులకి పోతాయి. పోనివ్వండి.

పిల్లల ఆకలిని నమ్మొచ్చా అంటే నమ్మొచ్చు. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు, పాలు మాన్పించిన పదిహేను మంది పసిపిల్లల ముందు రోజూ రకరకాల తిళ్లు పెట్టి ఏది కావాలంటే అది తిననిచ్చింది. ఆ ఫలితాలు 1939లో చెప్పింది. ఎవరి ఇష్టం వారిదే అయినా అందరూ పుష్టిగా పెరిగారు. అయితే ఆ పళ్లేలలో పంచదార గానీ, డబ్బా తిండి గానీ లేవు. కిటుకు అక్కడుంది. కంచంలో ఏముండాలో మనం చూసుకుంటే, ఎంత తినాలో పిల్ల చూసుకుంటుంది.

డబ్బాల విషయానికొస్తే, రెండేళ్ల లోపు పిల్లల తిండికి ప్రచారం చేసుకోవడాన్ని 1992 నాటి చట్టం, దానికి 2003లో వచ్చిన సవరణ నిషేధించాయి. సెరెలాక్ భారతదేశపు రకాల్లో ఒక్కో వడ్డనకి సగటున 2.7 గ్రాముల చక్కెర కలుస్తోందనీ, ఐరోపాలో కలపడం లేదనీ 2024 ఏప్రిల్లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ బయటపెట్టింది. తర్వాత కంపెనీ చక్కెర కలపని రకాలు ప్రకటించింది. అంగన్‌వాడీలో ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్‌లో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు చక్కెర కూడా ఉంది. అందుకని పారెయ్యక్కర్లేదు, దాన్నే భోజనం చెయ్యకుండా ఒక పూటకి పరిమితం చేస్తే సరి. అనకాపల్లి పక్కనే ఉంటూ బెల్లాన్ని తప్పుపట్టడం నాకూ కష్టమే. కానీ రెండేళ్లు నిండే వరకూ దానికి తొందరేం లేదు. తేనె మాత్రం ఏడాది లోపు అసలు కూడదు.

జాగ్రత్త ఒక్కటి. గొంతుకి అడ్డుపడే వేరుశనగ గుళ్లు, శనగలు, గుండ్రటి ద్రాక్ష ఈ వయసులో అలాగే ఇవ్వకూడదు. ద్రాక్షని నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. పిల్ల కూర్చునే తినాలి, పరుగెత్తుతూ తినకూడదు. దగ్గుతూ ఉక్కిరిబిక్కిరయితే దగ్గనివ్వండి, చాలాసార్లు ముక్క దానంతటదే వచ్చేస్తుంది. అడ్డుపడింది కనిపించకుండా నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, లోపలికి పోతుంది. గొంతు పెగలకపోతే ఏం చేయాలో ఏఎన్ఎం దగ్గర ముందే నేర్చుకోండి.

చివరిగా, షిఫ్టు దిగి వచ్చే తండ్రులకి ఒక మాట. పిల్లలు నేర్చుకునేది చూసి. ఎదుటివాళ్లు ఆకుకూర తింటుంటే తామూ తింటారు. రోజులో ఏదో ఒక పూట పిల్లవాడి కంచం మీ కంచం పక్కన పెట్టండి. అదే అన్నం, అదే పప్పు తినండి. రేపు పొద్దున పప్పులో ఉప్పు వేసేముందు రెండు గరిటెలు పక్కకి తీయడంతో మొదలుపెట్టండి. దానికి డబ్బు ఖర్చు లేదు, మంచిరోజు చూడక్కర్లేదు.